తాడుకి అవతల

ముందున్న నీళ్ళ ట్యాంకరు కదలడం లేదు. దాని ముందున్నది కదిలితే కదా ఇది కదలడానికి, ఆ ముందున్నదాని ముందు ఇంకేముందో వంతెన వంపులో కనిపించడం లేదు, కానీ చూడకుండానే ఆమెకి తెలుసు, వంతెన దిగాక పెద్ద కూడలి, కూడలి దాటాక మలుపు, మలుపులో అడ్డంగా పోలీసు బండి, దాని వెనక రోడ్డుకి ఆ చివరి నుంచి ఈ చివరికి కట్టిన పసుపు తాడు. ఆ తాడు అలా కట్టాలని రాసింది ఆమే. పోలీసు బండిని అడ్డంగానే పెట్టాలి, నిలువుగా పెడితే సందు చూసుకుని స్కూటర్లు దూరతాయి అని రాసింది కూడా ఆమే. ఎంత బాగా రాసిందంటే ఈ పక్క నుంచి ఈగ కూడా దూరలేకపోతోంది. దూరలేని ఈగల్లో ఆమె కూడా ఒకతి, ఊరు మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క రేడియేషన్ మీటరుని ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు కారు వెనక సీట్లో కూర్చుని ఉంది. తాడుకి అవతల బోల్తా పడ్డ వ్యానులో ఉన్నది ఆమె బావ, సొంత అక్క మొగుడు. ఆయన బతికే ఉన్నాడు. ఆయన దగ్గరికి ఇంకా ఎవరూ వెళ్ళలేదు.

"ఏం చేస్తాం మేడమ్, ఎవరో మహానుభావుడు రోడ్డు మూయించాడు," అన్నాడు కారు డ్రైవరు, స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తూ. అతనికి పాపం ఏమీ తెలీదు, పొద్దున్నే పక్క ఊరి ప్రయోగశాలకి తీసుకెళ్ళి మళ్ళీ తీసుకురమ్మన్నారు, తెస్తున్నాడు. ఏడాదికోసారి మీటరుకి పరీక్ష చేయించాలి, అది సరిగ్గా చెప్తోందో లేదో అసలు మీటరు పక్కన పెట్టి చూస్తారు, ముద్ర వేసి ఇస్తారు. రెండో మీటరు కొనమని ఆమె అడగక పోలేదు, వచ్చే ఏడాది చూద్దామన్నారు, వచ్చే ఏడాది వచ్చింది, మళ్ళీ వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఈ ఒక్క పూటలో ఏమవుతుందిలే అనుకుంది ఆమె కూడా. ఆసుపత్రులకి రోగాలు ఫోటో తీసే మందు రోజూ వస్తుంది, సీసపు కుండలో పెట్టి, కుండని ఉక్కు డబ్బాలో పెట్టి, డబ్బాని అట్టపెట్టెలో పెట్టి, పెట్టె మీద మూడు రెక్కల గుర్తు అతికించి పంపుతారు, ఇన్నేళ్ళలో ఒక్క డబ్బాకి సొట్ట పడలేదు. ఆ కుండని ఎత్తు మీంచి పడేసి చూస్తారు, మీద బరువులు పేర్చి చూస్తారు, నీళ్ళు కుమ్మరించి చూస్తారు. బావ ఒకసారి అదంతా విని తల గోక్కుని అన్నాడు, "బాగానే ఉంది మరదలా, మందుకేమో సీసం కోట, నాకేమో రేకు తలుపు. గుద్దితే ముందు ఎవరు పోతారో నువ్వే చెప్పు." అప్పుడు అందరూ పడీ పడీ నవ్వారు, అక్క మాత్రం నోటి మాటకైనా వేళాపాళా ఉండాలని కసిరింది. ఆ ఉద్యోగం ఆయనకి చూసి పెట్టింది ఆమే. లారీ తోలి తోలి నడుం పోతోంది, ఇదైతే పగటి పని, చిన్న వ్యాను, రోడ్డు మీద ఇంతకంటే భద్రంగా వెళ్ళేది ఇంకోటి లేదు బావా, నేను లెక్కలు చూశాను కదా అంది.

లెక్కలు నిజమే. డబ్బా ఇప్పుడు కూడా చెక్కు చెదరకుండానే ఉండి ఉంటుంది. ఉండి ఉంటుంది అని అనుకోవడం వేరు, ఉంది అని చెప్పడం వేరు, ఆ రెండింటికీ మధ్య ఉన్న వస్తువు ఆమె ఒళ్ళో ఉంది. ఒకవేళ పగిలినా సరే, తలుపు కోసి మనిషిని లాగి బయట పెట్టేంతసేపట్లో ఆ పని చేసేవాళ్ళకి అంటే రేడియేషన్ ఏమంత కాదు, ఆసుపత్రిలో ఆ ఫోటోలు తీసే పిల్ల ఏడాది పొడవునా దానికంటే ఎక్కువే మోస్తుంది, రోజూ టిఫిన్ డబ్బా తెచ్చుకుని నవ్వుతూ ఇంటికి పోతుంది. ఇదంతా పెద్దన్నకి ఇందాకే ఫోన్‌లో చెప్పింది. పెద్దన్న అంటే ఫైర్ స్టేషన్ అధికారి, వయసులో పెద్ద, మాటలో మెత్తన, ఊళ్ళో అందరికీ పెద్దన్నే. ఆయన మొదటి ఫోన్ చేసినప్పుడు గొంతులో ఎంత సంతోషం, అది గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు కంపరమెత్తుతోంది. "మేడమ్, మీరు చెప్పింది చెప్పినట్టు చేశాం. గాలి చూసుకున్నాం, గాలికి ఎదురుగా నిలబడలేదు, తాడు కట్టేశాం, ఒక్క పురుగుని కూడా దగ్గరికి పోనివ్వలేదు. మీటరొస్తే చాలు." లోపల మనిషి సంగతేంటన్నా అని అడిగింది. "మాట్లాడుతున్నాడు మేడమ్, చెయ్యి ఊపుతున్నాడు. కాలు ఇంజన్ కింద ఇరుక్కుంది. రక్తం పోతోంది. ఓర్చుకోమని కేకేసి చెప్పాం." ఎవరు అని అడగక్కర్లేకపోయింది, ఆయనే చెప్పాడు, రిహార్సళ్ళకి వస్తుంటాడే, మన జోకుల డ్రైవరు, ఆయనే మేడమ్ అని. పెద్దన్నకి బావ తెలుసు, ఆమెకి బావ అవుతాడని తెలీదు. ఆఫీసులో చుట్టరికాలెందుకని ఆమే చెప్పొద్దంది, బావ కూడా నలుగురిలో ఆమెని మేడమ్ అనే పిలిచేవాడు, పిలిచి మీసం చాటున నవ్వుకునేవాడు.

వెళ్ళండన్నా, ముందు ఆయన్ని తియ్యండి, నేను చెప్తున్నాను కదా అంది. అటువైపు ఎవరో కేకలేస్తున్నారు, మరెవరో విజిల్ వేస్తున్నారు. తర్వాత పెద్దన్న నెమ్మదిగా అన్నాడు, "ఫోన్‌లో ఎవరు చెప్పినా దాటొద్దన్నారు కదా మేడమ్. మీరు చెప్పినా దాటొద్దన్నారు."

అవును, అంది. అన్న మాట కాదనడానికి లేదు. ఆ రోజు రిహార్సలు మైదానంలో జరిగింది, పాత వ్యానుని పక్కకి పడేశారు, దెబ్బ తగిలిన మనిషి వేషానికి బొమ్మ దొరక్కపోతే బావే పడుకున్నాడు, నుదుటి మీద టమాటా సాసు పూసుకుని, మధ్య మధ్యలో కన్ను గీటుతూ. చూడటానికి జనం వచ్చారు, ఫైర్ స్టేషన్ వాళ్ళ పెళ్ళాం పిల్లలు ముందు వరసలో కుర్చీలేసుకుని కూర్చున్నారు. తాడు కట్టడం అయింది, గాలి చూసుకోవడం అయింది, అంతా చిలకల్లా అప్పజెప్పారు. అప్పుడామెకి ఒక ఆలోచన వచ్చింది, వచ్చినప్పుడు ఎంత తెలివైన ఆలోచన అనిపించిందో. చెట్టు చాటుకి వెళ్ళి పెద్దన్నకి ఫోన్ చేసింది, గొంతు వణికిస్తూ, అన్నా, లోపల మనిషి పోతున్నాడు, మీటరు కోసం చూడొద్దు, దాటండి, పూచీ నాది అంది. పెద్దన్న ఒక్క క్షణం ఆలోచించలేదు, తాడు ఎగిరి దూకాడు, వెనకే ముగ్గురూ దూకారు, బావని చంకల కింద చేతులేసి లాగి బయట పెట్టారు, జనం చప్పట్లు కొట్టారు. ఆమె విజిల్ వేసింది. నలుగురినీ వరసగా నిలబెట్టి, వీపుల మీద ఒక్కొక్క కాగితం అతికించింది, కాగితం మీద పెద్ద అక్షరాల్లో చచ్చిపోయాడు అని. కొలవకుండా దాటినవాడు రక్షించడు, ఇంకో శవమవుతాడు అని మైకులో చెప్పింది, పై నుంచి వచ్చిన పెద్దలు తలలూపారు. పెద్దన్న కూతురు ముందు వరసలోంచి లేచి వచ్చి, నాన్న వీపు చూసి, ఏడుపు మొదలెట్టింది. పెద్దన్న ఆ పిల్లని ఎత్తుకుని కాగితం వీపునుంచి పీకకుండా అలాగే నిలబడ్డాడు, మేడమ్ పీకమనలేదు కదా.

ఆ సాయంత్రం బావ ఒక్కడే నవ్వలేదు. సాసు కడుక్కుంటూ అన్నాడు, "వాళ్ళు నా కోసం దూకారే. అందుకేనా చంపేశావ్?" బావా, నీకు అర్థం కాదులే అంది. అర్థం కానిదేమీ లేదు. ప్రణాళిక పుస్తకంలో మొట్టమొదటి వాక్యం ప్రాణం ముందు, కొలత తర్వాత అనే ఉంటుంది. అది లోకమంతా ఒప్పుకున్న మాట, ఆమె కూడా నల్లటి అక్షరాల్లో రాసింది. కానీ రాసిన మాటకి ఎవరూ పరీక్ష పెట్టలేదు, పరీక్ష తాడుకి పెట్టారు, మార్కులు తాడుకి వేశారు, బహుమతి తాడు దాటని స్టేషన్‌కి ఇచ్చారు. నాలుగు రోజులు పోయాక పెద్దన్న ఆఫీసుకి వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని, మేడమ్, ఇంక జన్మలో దాటను అన్నాడు, ఆమె లేచి నిలబడి చెయ్యి కలిపింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసి ఊరించినా, బెదిరించినా, ఏడ్చినా ఆయన కదల్లేదు. స్టేషన్‌లో ఆమెని తాడు మేడమ్ అంటారని తెలిసినప్పుడు లోలోపల గర్వపడింది కూడా. తవ్వుకున్న గొయ్యి ఇంత లోతుందని అప్పుడు తెలిస్తే కదా.

పై అధికారికి ఫోన్ చేసింది. ఆయన మీటింగులోంచి గుసగుసగా మాట్లాడాడు, "నువ్వు రాసిందే కదమ్మా, ప్రతి పేజీ మీదా సంతకం పెట్టింది నేను. ఇప్పుడు నేనే దాటమంటే రేపు నన్నడుగుతారు. నువ్వు మీటరు తీసుకుని త్వరగా వెళ్ళు." త్వరగా అనే మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందో. కంట్రోల్ రూములో పిల్ల మోటార్ సైకిల్ పంపాం మేడమ్, బయల్దేరింది అంది, మళ్ళీ చేస్తే బయల్దేరింది అంది, ఆ మోటార్ సైకిల్ అప్పటి నుంచీ బయల్దేరుతూనే ఉంది. ఇలా కూర్చుంటే లాభం లేదని తలుపు తీసుకుని దిగింది. ఎండ చుర్రుమంది. బండ్ల మధ్య సందుల్లోంచి, అద్దాలకి మోచేతులు తగిలించుకుంటూ, మీటరు పెట్టెని బిడ్డలా ఎత్తుకుని నడక మొదలుపెట్టింది. వంతెన ఎంత పొడవో కారులో పోయేవాళ్ళకి తెలీదు. ఒక స్కూటరు మనిషి పక్కగా వస్తుంటే ఆపి, బాబ్బాబు, కొంచెం ముందుకి దింపవా, ప్రాణం మీదికొచ్చింది అంది. అతను ఎక్కండి అంటూనే పెట్టె మీది మూడు రెక్కల గుర్తు చూశాడు, మొహం పాలిపోయింది. "అమ్మో, ఆ గుర్తు కనిపిస్తే దగ్గరికెళ్ళొద్దని మా పాపకి స్కూల్లో చెప్పారండీ." ఇది మీటరు నాయనా, ఇందులో ఏమీ లేదు, ఇది కొలిచేది మాత్రమే అని ఆమె చెప్తూనే ఉంది, అతను స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ స్కూలుకి వెళ్ళి చెప్పొచ్చింది ఎవరనుకున్నారు. పెట్టె పక్క జేబులో ఉండే రెయిన్‌కోటు తీసి గుర్తు మీద కప్పి మళ్ళీ నడిచింది.

అక్క ఫోన్. ఇందాక ఒకసారి చేసింది, మీ బావ ఫోనెత్తట్లేదే చిట్టీ, ఏదో వ్యాను పడిందంటున్నారు అంటే, ఆయనదే అక్కా, బాగానే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు అంది. ఎవరితో మాట్లాడుతున్నారు అంది అక్క. అక్కకి చదువు లేదు గానీ ప్రశ్న ఎక్కడ వెయ్యాలో తెలుసు. దగ్గర అందరూ ఉన్నారక్కా అని చెప్పింది, అబద్ధమేం కాదు, అందరూ ఉన్నారు. అక్క బట్టలు కుట్టే దుకాణం ఆ మలుపుకి దగ్గరే, కత్తెర అక్కడే పడేసి పరిగెత్తి ఉంటుంది. చిన్నప్పుడు చెల్లెలికి జ్వరమొస్తే కూడా అలాగే పరిగెత్తేది, కాళ్ళకి చెప్పులుండేవి కావు. పెళ్ళయి వెళ్ళేటప్పుడు బావతో మొట్టమొదట చెప్పిన మాట, మా చిట్టిని కూడా చదివించాలండీ అని. బావ చదివించాడు. పరీక్షలన్నిటికీ లారీలో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని దింపాడు, హాలు బయట లారీ పెట్టుకుని బీడీ కాలుస్తూ కూర్చునేవాడు, బయటికి రాగానే మొహం చూసి, పాసేనా మరదలా అనేవాడు. ఇన్ని పరీక్షలు పాసైతే ఆఖరికి ఏమైంది, రోడ్డుకి తాడు కట్టడం వచ్చింది. ఫోన్ ఎత్తింది.

"చిట్టీ, నేను వచ్చేశానే. కనిపిస్తున్నారు. నన్ను చూసి చెయ్యెత్తారు." అక్కకి ఆయాసంగా ఉంది. "వీళ్ళు పోనివ్వట్లేదే. నా చెల్లెలే అన్నీ రాసేది అని నీ సంగతి చెప్పాను. చెప్తే ఇంకా గట్టిగా పట్టుకున్నారు."

ఫోన్ పెద్దన్నకివ్వక్కా అంది. ఇచ్చింది. అన్నా, ఆవిడ మా అక్క, ఆయన మా బావ, ఇది రిహార్సలు కాదన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను అంది. నడుస్తూ అరుస్తుంటే కార్లలో వాళ్ళు అద్దాలు దించి చూస్తున్నారు.

"రిహార్సలు కాదని తెలుసు మేడమ్," అన్నాడు పెద్దన్న. "నిజమైనప్పుడు దాటకూడదనే కదా అన్నిసార్లు రిహార్సలు చేయించారు. నా వెనక ముగ్గురు కుర్రాళ్ళున్నారు. నేను దూకితే వాళ్ళూ దూకుతారు. ఏదైనా అయితే వాళ్ళ ఇళ్ళకి ఎవరు పోయి చెప్తారు? ఆ రోజు మా పాప నా వీపు చూసినప్పటి నుంచి నేను డ్యూటీకి బయల్దేరితే కాళ్ళకి చుట్టుకుంటుంది మేడమ్. మీరు రండి. మీరొచ్చి మీటరు చూసి ఊ అంటే, చేతుల్తోనైనా పీకేస్తాను ఆ తలుపు."

ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు. పిరికివాడనుకుందామంటే, ఒక్క ఫోన్‌కి ఎగిరి దూకినవాడు ఆయన. ఆ దూకేవాడిని పట్టుకుని ఇలా చేసిందెవరు. ఆమె పరిగెత్తింది, పెట్టె మోకాళ్ళకి కొట్టుకుంటోంది, నాలుక పిడచకట్టుకుపోయింది, వంతెన కింద నది ఎండిపోయి ఇసుక మెరుస్తోంది. ఆ సీసపు కుండలో మందు సంగతి ఆమెకి తెలుసు, దాన్ని ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే తనంతట తానే చల్లారుతుంది, రాత్రికి సగం, తెల్లారేసరికి అందులో సగం, రెండ్రోజులు పోతే పసిపిల్లల చేతికిచ్చినా భయం లేదు. దానికి తొందర లేదు. బావకే ఉంది. పెద్ద లారీలు అడ్డొస్తే వాటి పక్కన వంతెన గోడ పట్టుకుని ఒరుసుకుంటూ పోయింది, భుజం దోక్కుపోయింది, ఎక్కడో ఒక చెప్పు ఊడింది, వెనక్కి తిరిగి చూడలేదు. కూడలి ఇంకా కనిపించలేదు. వంపు తిరిగితే కనిపిస్తుందనుకుంది, వంపు తిరిగితే ఇంకో వంపు ఉంది. ఇన్నిసార్లు మ్యాపు మీద ఈ వంతెన గీసింది, మ్యాపు మీద ఇది వేలి గోరంత ఉంటుంది.

"చిట్టీ," అక్క మళ్ళీ లైన్లోకి వచ్చింది, "మీ బావ ఏదో అడుగుతున్నారే, ఆగు, వినపడట్లేదు... ఏమండీ? ఏంటీ?... నువ్వెక్కడిదాకా వచ్చావని అడుగుతున్నారు. నువ్వొస్తే తీస్తారని పెద్దన్న కేకేసి చెప్పాడు కదా, అందుకని. అప్పటి నుంచీ ఇటే చూస్తున్నారు."

ఏం చెప్పాలి. వంతెన మధ్యలో ఉన్నానని చెప్పాలా, ఒక చెప్పుతో ఉన్నానని చెప్పాలా. ఆయన తట్టుకుని ఉండాలంటే ఏదో ఒకటి చెప్పాలి, ధైర్యం చెప్పాలి, రక్తం పోయే మనిషికి ముందు ధైర్యం చెప్పాలని ఆ పుస్తకంలోనే ఎక్కడో ఉంది.

"వచ్చేశానని చెప్పక్కా. కూడలి దగ్గరున్నాను. వచ్చేశాను."

"వచ్చేసిందటండీ!" అక్క గొంతు పగిలేలా అరిచింది, ఆ అరుపు ఫోన్‌లోంచి చెవిలో గుచ్చుకుంది. "చిట్టి వచ్చేసిందటా! కూడలి దగ్గరుందటా!" తర్వాత అక్క నవ్వింది, ఏడుస్తూ నవ్వింది. "నవ్వారే. నీ మాట చెప్తే నవ్వారు చూడు. ఇంక ఫరవాలేదన్నట్టు చెయ్యి దించేశారు. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు. పాపం, అప్పటి నుంచీ మెడ నిక్కబెట్టుకుని ఇటే చూస్తున్నారు కదా, అలిసిపోయి ఉంటారు. నిద్ర పడితే మంచిదే కదా చిట్టీ? నిద్రలో నొప్పి తెలీదు కదా?"

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. వద్దక్కా, నిద్రపోనివ్వకు, లేపు, పిలువు, గట్టిగా పిలువు అంది, అంటూ మళ్ళీ పరిగెత్తింది, రెయిన్‌కోటు జారి కింద పడింది, దాని మీంచే తొక్కుకుంటూ పరిగెత్తింది.

"పిలుస్తున్నానే. పిలుస్తున్నాను." అక్క గొంతు దూరమైంది, ఫోన్ చేతిలోంచి దించేసినట్టుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అక్క బావని పేరు పెట్టి పిలిచింది లేదు, ఇప్పుడు కూడా ఆమెకి వచ్చిన పిలుపు ఆ ఒక్కటే. పెద్దన్న కూడా పిలుస్తున్నాడు, వెనక కుర్రాళ్ళు కూడా పిలుస్తున్నారు, తాడు ఇవతల నిలబడి అందరూ పిలుస్తున్నారు. వంపు తిరిగింది. ముందు ఇంకా వంతెనే ఉంది, ఎండలో మెరుస్తూ కదలని బండ్లే ఉన్నాయి, చెవి దగ్గర అక్క గొంతు మాత్రం ఆగడం లేదు.

"ఏమండీ, చిట్టి వచ్చేసిందండీ. ఏమండీ. అదిగో, వచ్చేసింది. లేవండీ."